ఎనిమిది నిమిషాల పేషెంటు

"చారు స్టవ్ మీదుందని మీ అమ్మాయికి చెప్పండి."

ఎలియాజరు తల తిప్పి చూశాడు. కూతురు జెస్లిన్ అతనికి రెండడుగుల దూరంలోనే డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని ఉంది. దాని చెవులు రెండూ శుభ్రంగా పనిచేస్తున్నాయి.

"చారు స్టవ్ మీదుందంటమ్మా," అన్నాడు.

"ఐ హర్డ్ డాడీ. నాకు ఆకలి లేదని చెప్పండి."

"ఆకలి లేదంట మణీ."

"లేకపోతే మానెయ్యమనండి. బతిమాలేవాళ్ళెవరూ లేరిక్కడ," అంది జయమణి. అంటూనే అన్నంలో నెయ్యి వేసి, చారు పోసి, గిన్నె తెచ్చి కూతురి ముందు టక్కున పెట్టింది. జెస్లిన్ కూడా ఆకలి లేనిదల్లా సగం గిన్నె ఖాళీ చేసింది.

శుక్రవారం సాయంత్రం పరీక్ష కాగితం ఇంటికొచ్చినప్పటినుంచి ఇదే వరస. తల్లి మాట్లాడదు, కూతురు తగ్గదు. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో వారమంతా సరుకులు మోసే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే ఎలియాజరు, సెలవు రోజుల్లో ఇంట్లో ఇద్దరి మధ్యా మాటలు మోస్తున్నాడు. పొద్దున్న చర్చిలో కూడా మధ్యలో అతనే కూర్చున్నాడు. కుటుంబాల్లో శాంతి సమాధానాల కోసం పాస్టరుగారు గొంతెత్తి ప్రార్థన చేస్తుంటే, అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పింది కూడా అతనే.

ఇంతకీ ఆ కాగితంలో ఉన్నది నాలుగు వాక్యాలు.

జయమణి గోదావరి ఒడ్డున ఓ మిషన్ ఆస్పత్రిలో పదహారేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసిన మనిషి. కెనడాలో ఈ కిచెనర్ ఊరికి వచ్చాక పదకొండేళ్ళుగా వృద్ధుల హోమ్‌లో స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం, పక్కలు మార్చడం. ఇక్కడి నర్సు లైసెన్సు లేక సిరంజి ముట్టుకునే హక్కు లేదు. కూతురు చదువుకుని, నర్సయి, పెద్దాస్పత్రిలో సర్జరీ వార్డులో చేరేదాకా ఆగి, యాభై రెండేళ్ళ వయసులో తను పుస్తకం పట్టింది. అన్నీ పాసయింది. ఆస్పత్రి వాళ్ళు ఉద్యోగం ఇస్తామని ఉత్తరం కూడా పంపారు. మిగిలింది ఒక్క పరీక్ష.

ఆ పరీక్షలో మంచం మీద పడుకునేది నిజం పేషెంటు కాదు, పేషెంటులా నటించే మనిషి. ఎనిమిది నిమిషాలు ఆవిడతో మాట్లాడాలి, గోడ పక్కన ఇద్దరు కూర్చుని మార్కులు వేస్తారు. రొమ్ములో గడ్డ ఉండి రిపోర్టు కోసం చూస్తున్న మనిషిగా నటిస్తూ ఆవిడ ఏడ్చింది. "నేను చచ్చిపోతానా?" అని అడిగింది. జయమణి ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, "ఏం కాదమ్మా. నేనున్నాగా," అంది, వచ్చిన ఇంగ్లీషులో.

ఆధారం లేని భరోసా ఇచ్చారని కాగితంలో రాశారు. పేషెంటు తన భయం చెప్పుకునే అవకాశం ఇవ్వలేదని, ఎనిమిది నిమిషాల్లో ఆరు నిమిషాలు అభ్యర్థే మాట్లాడారని రాశారు. ఫెయిల్ అని రాశారు.

అది చదివి జెస్లిన్ తల్లిని ఓదార్చి ఉంటే గొడవ ఉండేది కాదు. "వాళ్ళు కరెక్టే మమ్మీ. దట్స్ లయింగ్. నువ్వు పేషెంట్స్‌కి అబద్ధం చెప్తావు," అంది.

"అబద్ధమా?" అంది జయమణి. "కాన్పు నొప్పులతో గింజుకునే పిల్ల అక్కా, బతుకుతానా అని అడిగితే, ఏమో చెప్పలేనమ్మా అనమంటావా? ఎన్ని వందలమందికి చెప్పానే ఆ మాట! ఆ మాట పట్టుకునే బతికారే వాళ్ళు!"

"బతకనివాళ్ళు?" అంది జెస్లిన్.

అంతే. అప్పటినుంచి ఇంట్లో చారు సంగతి కూడా ఎలియాజరు ద్వారానే.

"డాడీ, ఎగ్జామ్ గురువారమని మమ్మీకి గుర్తు చెయ్యండి," అంది జెస్లిన్ గిన్నె సింకులో పెడుతూ. "ఈ సెకండ్ అటెంప్ట్ పోతే మళ్ళీ ఛాన్స్ లేదు. కోర్సంతా మొదట్నుంచీ చెయ్యాలి. ప్రాక్టీస్ చేస్తే మంచిది."

"నాకు తెలుసని చెప్పండి. నాకు అబద్ధాలు చెప్పడమే వచ్చు, ప్రాక్టీసెందుకని కూడా చెప్పండి."

ఎలియాజరు చేతులు రెండూ పైకెత్తాడు.

"ఇక నావల్ల కాదు. మీరిద్దరూ నర్సులే కదా, నేను పేషెంటునవుతా. మన జెస్లిన్ మార్కులేస్తది. క్రిస్మస్ నాటకంలో తొమ్మిదేళ్ళు హేరోదు రాజు వేషం వేసినోణ్ణి. పేషెంటు వేషం ఓ లెక్కా?"

జయమణి నవ్వు ఆపుకోడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జెస్లిన్ ఫ్రిజ్ మీదున్న చీటీల కట్టలోంచి ఒకటి చింపి గబగబా రాసింది. యాభై ఆరేళ్ళ మగమనిషి. పొట్టలో గడ్డ. రిపోర్టు కోసం ఎదురు చూస్తున్నాడు. భయపడుతున్నాడు. తండ్రి ముఖం చూడకుండా చీటీ అతని చేతిలో పెట్టి, టైమరు తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

"తెలుగులోనే చెయ్యమనండి డాడీ. ఇంగ్లీష్ కాదు తన ప్రాబ్లెమ్."

ఎలియాజరు సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. టైమరు తిరగడం మొదలెట్టగానే ఇల్లు దద్దరిల్లేలా మూలిగాడు.

"అయ్యో దేవా! నా పని అయిపోయింది సిస్టరమ్మా! నా భార్యాబిడ్డలకి దిక్కెవరు సిస్టరమ్మా!"

"డాడీ! యాక్టింగ్ తగ్గించండి."

జయమణి మాత్రం అప్పటికే పనిలో పడిపోయింది. దిండు సర్దింది. దుప్పటి కాళ్ళకిందకి మడిచింది. నాడి చూసింది. "మంచినీళ్ళు తాగుతారా? గాలి ఆడుతుందా? ఇలా ఒత్తిగిల్లండి," అంటూ భర్తని అటూ ఇటూ దొర్లించింది. "మీరేం కంగారుపడకండి. ఏం కా..." అని నాలుక కరుచుకుంది.

జెస్లిన్ టైమరు ఆపేసింది.

"మమ్మీ, రెండు నిమిషాల్లో ఎన్ని పనులు చేశావో తెలుసా? ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగావా, నీళ్ళ గురించి తప్ప? ఫస్ట్ కూర్చో."

రెండు రోజుల తర్వాత కూతురు నేరుగా తనతో మాట్లాడిందని జయమణి గమనించింది. గమనించి కూడా బెట్టు చెయ్యలేదు.

"పేషెంటు ముందు నర్సు కూర్చోవడమేంటే? డ్యూటీలో కూర్చుంటే మా మేట్రనమ్మ చెవి మెలేసేది. పదహారేళ్ళలో నేను వార్డులో కూర్చున్న పాపాన పోలేదు."

"అందుకే నీకు ఎవరూ ఏమీ చెప్పరు. నిలబడి ఉన్నవాళ్ళకి ఎవరు చెప్తారు మమ్మీ? వెళ్ళిపోతున్నట్టు ఉంటుంది. చైర్ లాక్కుని కూర్చో. ఒక్క ప్రశ్న అడుగు. తర్వాత నోరు మూసుకుని, మనసులో పది లెక్కపెట్టు. అంతవరకూ దిండు ముట్టుకోకూడదు."

"పది దాకానా? ఈలోగా మనిషి పోతే?"

"పోడులే, నేను హామీ," అన్నాడు ఎలియాజరు దుప్పట్లోంచి.

జయమణి కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక ఒళ్ళో పెట్టుకుంది. జెస్లిన్ మళ్ళీ టైమరు తిప్పింది.

"నా పేరు జయమణి అండి. ఈ పూట మీ నర్సుని," అంది. "మీకేమనిపిస్తుందో చెప్పండి."

ఎలియాజరు నోరు తెరిచాడు. మూలగబోయాడు. భార్య నిజంగానే అతని వంక చూస్తూ కూర్చుంది. చేతిలో గరిటె లేదు, ఫోను లేదు, పుస్తకం లేదు. అలా తన ఎదురుగా ఖాళీ చేతులతో ఆమె కూర్చుని ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.

ఒకటి, రెండు, మూడు అని జయమణి లోపల లెక్కపెడుతోంది. ఏడు దగ్గర అతను మాట్లాడాడు.

"ఎవరికీ చెప్పబుద్ధి కాలేదండి," అన్నాడు. గొంతు హేరోదుది కాదు. "ఫ్యాక్టరీ బాత్రూములో చూసుకున్నా. ఒంటేలు ఎర్రగా పోయింది. ఒకసారి కాదు. వారంలో రెండు మూడుసార్లు. కాసేపాగి మామూలుగా పోద్ది. పోనీలే, తగ్గిందిలే అనుకుంటా. మళ్ళీ వస్తది."

చీటీలో పొట్టలో గడ్డ అని ఉంది. ఇది వేరే జబ్బు. భర్త సొంతంగా కథ కల్పిస్తున్నాడనుకుని జయమణి కూతురి వైపు చూసింది. జెస్లిన్ టైమరునే చూస్తోంది.

"నొప్పి ఉంటుందాండీ?"

"లేదు. అదే విచిత్రం. నొప్పి, మంట ఏమీ లేవు."

వార్డులో నేర్చుకున్నది జయమణి మర్చిపోలేదు. ఆ వయసు మగవాళ్ళలో నొప్పి ఉంటే ఒక రకం, నొప్పి లేకుండా రక్తం పోతే ఇంకో రకం. రెండోదే డాక్టర్లని కంగారు పెట్టేది. ఇంత సంగతి ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి కల్పించలేడు.

"ఎప్పట్నుంచి?" అంది. ఆ గొంతు పరీక్షది కాదు.

ఎలియాజరు దుప్పటి అంచు మడతపెట్టాడు, విప్పాడు.

"ఆరు వారాలైంది మణీ. నువ్వు బీట్‌రూట్ వేపుడు చేసిన మర్నాడు."

జయమణి డైనింగ్ టేబుల్ వైపు చూసింది.

ఆ రోజు బాగా గుర్తుంది. ఇదే టేబుల్ మీద మందుల మోతాదుల పుస్తకం తెరుచుకుని కూర్చుంది. బాత్రూములోంచి వచ్చి ఆయన, "మణీ, ఒంటేలు ఎర్రగా వస్తందేంటి?" అన్నాడు. తను తల కూడా ఎత్తలేదు. నిన్న బీట్‌రూట్ తిన్నారుగా, వేడి చేసి ఉంటది, బార్లీ నీళ్ళు తాగండి అంది. ఏం కాదు అంది. ఆయన సరేనని బార్లీ నీళ్ళు కాచుకుని తాగాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

"మరి నాకు చెప్పలేదేమండీ మళ్ళీ?"

"చెప్పాగా. నువ్వు ఏం కాదన్నావుగా," అన్నాడు ఎలియాజరు. నిష్ఠూరం లేదు ఆ మాటలో. అదే ఆమె తట్టుకోలేకపోయింది.

టైమరు గణగణ మోగింది. ముగ్గురిలో ఎవరూ దాన్ని ఆపలేదు. అదే మోగి మోగి ఆగింది.

"డాక్టరు దగ్గరకెళ్ళారా?" అంది జయమణి చివరికి.

"వెళ్ళా. స్కాన్ తీశారు. మూత్రసంచిలో ఏదో కనపడతందంట. అదేంటో గొట్టం పెట్టి చూడాలంట. గడ్డో, కాయో, ఉత్త వాపో, చూస్తేగానీ చెప్పలేరంట. డేటిచ్చారు."

"ఎప్పుడు?"

"ఈ గురువారం. పదింటికి."

గురువారం పదింటికే ఆమె పరీక్ష కూడా.

"ఒక్కరే వెళ్దామనుకున్నారా? ఆ తర్వాత కారు ఎవరు నడుపుతారు? ఎవరొస్తున్నారు మీతో?"

ఎలియాజరు కూతురి వంక చూశాడు. జయమణి నెమ్మదిగా కూతురి వైపు తిరిగింది. జెస్లిన్ ముఖం కందిపోయి ఉంది.

"నేను లీవ్ పెట్టా మమ్మీ," అంది.

"నీకు తెలుసా?"

"టూ వీక్స్. ఫ్యామిలీ డాక్టర్ దగ్గరకి కూడా నేనే తీసుకెళ్ళా. నీకు చెప్పొద్దని డాడీ ప్రామిస్ చేయించుకున్నారు, నీ ఎగ్జామ్ అయ్యేదాకా. ఆయన అడిగాక నేనెలా చెప్తాను? నేను నర్స్‌ని కూడా కదా. రోజూ ఇంటికొచ్చి నీ ముఖం చూసి, ఏమీ లేనట్టు తిని, పడుకుని..." జెస్లిన్ ఆగింది. "ఫ్రైడే నేను అన్నది ఆ యాక్టర్ గురించి కాదు మమ్మీ. డాడీకి నువ్వు చెప్పిన ఏం కాదు గురించి. అది నా నోట్లో ఉండిపోయి, అలా బయటికొచ్చింది."

అబద్ధమాడింది ఎవరే అని అడిగే హక్కు జయమణికి ఆ క్షణాన పూర్తిగా ఉంది. రెండు రోజులుగా లోపల ఉడుకుతున్న కోపమంతా ఆ ఒక్క ప్రశ్నలో కూతురి మీద పొయ్యొచ్చు. ఆమె కుర్చీలోంచి లేచింది. జెస్లిన్ భయపడి ఒకడుగు వెనక్కి వేసింది.

"రెండు వారాలు ఒక్కదానివే మోశావా?" అంది జయమణి.

జెస్లిన్ తల్లి భుజం మీద పడి ఏడ్చింది. సర్జరీ వార్డులో ఎంతమంది ఏడుస్తున్నా గొంతు వణకనివ్వని పిల్ల, వెక్కిళ్ళు పెట్టి మరీ ఏడ్చింది. ఏం కాదమ్మా అనే మాట జయమణి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, కూతురి వీపు నిమురుతూ ఉండిపోయింది. ఏమీ చెప్పకుండా మనిషిని పట్టుకుని ఉండటం ఎంత కష్టమో ఆమెకి ఇప్పుడే తెలిసింది. వెయ్యి ఇంజక్షన్లు చెయ్యడం దీనికంటే తేలిక.

జెస్లిన్ ఏడుపు తగ్గాక, జయమణి కొంగుతో దాని ముఖం తుడిచి, భర్త వైపు తిరిగింది.

"గురువారం నేనొస్తన్నా మీతో."

"నువ్వు పరీక్షకెళ్తన్నావు."

"పరీక్ష పోతే పోద్ది. మొదట్నుంచీ చదువుకుంటా. పదకొండేళ్ళు ఆగినదాన్ని, ఇంకో ఏడాది ఆగలేనా?"

"వద్దు మణీ."

"మీరు నాకోసం ఇలాంటి త్యాగాలు చెయ్యక్కర్లేదండీ. నేను నర్సునవ్వాలని మీరు మీ జబ్బు దాచుకుంటే, ఆ ఉద్యోగం నా ఒంటికి పడుద్దా? నేను రావాల్సిందే."

"నువ్వొస్తే నేను రాను," అన్నాడు ఎలియాజరు. "డేటు క్యాన్సిల్ చేసుకుంటా. ఫోన్ చెయ్యమ్మా జెస్లిన్."

ఇరవై ఆరేళ్ళ కాపురంలో అతను భార్యతో ఇంత గట్టిగా మాట్లాడింది లేదు. కూర మాడినా, కారుకి గీత పడినా, పోనీలే మణీ అనే మనిషి. జయమణికి ఒళ్ళు మండింది. నోటి నిండా మాటలొచ్చాయి. మొండితనం, మీ అమ్మ పోలిక, మీరు నన్నెప్పుడు మనిషిగా చూశారు, ఇలాంటివన్నీ వరసకట్టి నిలబడ్డాయి.

వాటిని మింగేసింది. మళ్ళీ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఎందుకు వద్దు?" అని అడిగింది.

అడిగి ఆగింది. ఈసారి లెక్కపెట్టలేదు. బయట పక్కింటాయన ఆకులు ఊడ్చే మిషన్ పెట్టాడు. అది మోగుతూనే ఉంది. జెస్లిన్ మెట్ల మీద కూర్చుండిపోయింది. ఎలియాజరు కళ్ళజోడు తీసి, దుప్పటితో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"మా అమ్మని నీ వార్డులోనే పెట్టాం గుర్తుందా?" అన్నాడు. "డాక్టరుగారు ఇంకా రాలేదు. నేను వరండాలో నిలబడ్డా. నువ్వు తలుపు తీసుకుని బయటికొచ్చావు. నోటితో ఏం కాదండీ అనే అన్నావు. నీ ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది, అమ్మ ఇక లేదని. నీ నోరు ఎన్నయినా చెప్పుద్ది మణీ. నీ ముఖానికి అబద్ధం చెప్పడం రాదు."

జయమణి చెయ్యి ఆమెకి తెలియకుండానే తన చెంప మీదికి పోయింది.

"గురువారం వాళ్ళు లోపల చూసి ఏదో చెప్తారు. నువ్వుంటే నేను వాళ్ళ మాట వినను. నీ ముఖం వంకే చూస్తా. అందులో కనపడిందే నాకు తీర్పు. నాకంత ధైర్యం లేదు. నీ పరీక్ష కోసం కాదు, నాకోసమే చెప్తన్నా. డాక్టరు చెప్తే డాక్టరు నోటి నుంచి వింటా. నీ ముఖంలో మాత్రం చూడలేను. నువ్వు రావద్దు."

ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఆయన ఇంత పొడుగు మాట మాట్లాడటం ఆమె ఎరగదు. అడిగితే చెప్పాడు. ఆగితే చెప్పాడు. చెప్పినదానికి ఎదురాడటానికి ఆమె దగ్గర ఏమీ లేదు. అతని చేతిలోని కళ్ళజోడు తీసుకుని, తనే అతనికి పెట్టింది. అతని చెంపల మీద చేతులు అలాగే ఉంచింది.

"సరే. రాను," అంది.

ఎలియాజరు కళ్ళు మూసుకున్నాడు. మెట్ల మీద జెస్లిన్ కూడా ఊపిరి వదిలింది.

"నేను పరీక్ష రాసి బయటికొచ్చేసరికి పదకొండవుద్ది," అంది జయమణి. "మీరు నా ముఖం చూస్తూ చెప్పలేరు. ఈ పిల్ల ముఖం నేను చూడలేను. మరి నాకెవరు చెప్తారండీ?"

తండ్రీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ సంగతి అప్పటిదాకా ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు.